మూడు నొక్కులు

మా నాయనకు మాట పోయిన ఏడాది నేను ఆయన కోసం ఒక ప్రోగ్రాం రాశాను. ఆ ప్రోగ్రాం సరిగ్గా పనిచేసింది. ఈ మాట ముందే చెప్పేయాలి. ఎందుకంటే ఈ సంగతి విన్న ఒకరిద్దరు 'ఏదో బగ్ ఉండి ఉంటుందిలే' అని నన్ను ఓదార్చబోయారు. బగ్ లేదు. నేను ఏం రాశానో అదే నడిచింది.

నా ఉద్యోగం పిల్లల ఆటలు రాయడం. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ. తెర మీద ఏనుగును ముట్టుకుంటే అది ఘీంకరిస్తుంది, ఒక ఆడగొంతు 'ఏ' అని పలుకుతుంది. మేకను ముట్టుకుంటే 'మే' అని. వారానికి మూడు రోజులు మా ఊరు ఊరిగాంలో పొద్దుటి రైలెక్కి పోతాను. బంగారుపేటలో పెట్టె కిక్కిరిసిపోతుంది, అక్కణ్ణుంచి ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచానంటే పక్కనున్నవాళ్ళ మోచేతులు నాకంటే ముందు టైపు చేస్తాయి. మిగతా రోజులు ఇంట్లోనే పని. చుట్టాలు అడిగితే సాఫ్ట్‌వేర్ అని ఊరుకుంటాను. ఏనుగుల్ని అరిపిస్తానంటే ఏం మర్యాద?

ఇలాంటి ఆటలకు బొమ్మలనూ శబ్దాలనూ చూసుకునే లైబ్రరీ ఒకటి వాడతాం. ఎవరో ముందే చేసిపెట్టిన పనిముట్ల పెట్టె అనుకోండి. అందులో మొదట నేర్చుకోవలసింది ఒకటే. పిల్లవాడి వేలు ఎప్పుడు పడుతుందా అని మనం కాపలా కాయకూడదు. గ్యాస్ బండి కోసం వీధిలో నిలబడకుండా, పక్కింటామెకు 'బండి వస్తే ఒక కేకెయ్యమ్మా' అని చెప్పి లోపలికొచ్చి వంట చూసుకుంటాం కదా, అలాగ. వేలు పడితే ఈ ఫంక్షన్‌ని, అంటే మనం రాసిన ఈ చిన్న పనిని, పిలువు, వేలు తీస్తే ఆ ఫంక్షన్‌ని పిలువు, ఇంతసేపు గడిస్తే ఇంకోదాన్ని పిలువు అని లైబ్రరీకి చెప్పిపెడతాం. జరిగే సంగతి పేరు ఈవెంట్. మనం చెప్పిపెట్టిన ఫంక్షన్ పేరు కాల్‌బ్యాక్. ఆపైన మన చేతిలో ఏమీ లేదు. పిలిచినప్పుడు పలకడమే.

పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఈ ఒక్కటి మాత్రం నాకు బాగా వచ్చు అనుకునేదాన్ని.

మా నాయన బంగారు గనిలో వైండింగ్ ఇంజను డ్రైవరు. షాఫ్టులో, అంటే గనిలోకి దిగే నిలువు బావిలో, మనుషుల్ని దించి ఎక్కించే ఇనుప పంజరాన్ని, కేజిని, నడిపేవాడు. ఆయన కూర్చునే చోటు నుంచి కేజి కనబడదు, మనుషులు కనబడరు. ఎదురుగా తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము, లోతు చూపించే ముల్లు, తలపైన గంట. అడుగు నుంచి గంట మోగితేనే ఆయన చెయ్యి కదిలేది. ఒకటి కొడితే నిలుపు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులెక్కుతున్నారని. 'వాళ్ళ మొగాలు జూడకుండా వాళ్ళని మోసినానమ్మా' అని గొప్పగా చెప్పుకునేవాడు. గని మూతబడ్డాక ఒక కల్యాణ మంటపంలో జనరేటరు చూసుకునే పనిలో చేరాడు. అక్కడ గంట లేదు, పెళ్ళివాళ్ళు కేకలేసేవాళ్ళు. అది ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు.

జబ్బు సంగటితో మొదలైంది. ముద్ద గొంతులో ఆగుతోందన్నాడు. తర్వాత మాట ముద్దయింది. ఆ తర్వాత ఎడమ చెయ్యి పట్టు వదిలేసింది. బెంగళూరులో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇది కండరాలను నడిపే నరాలు ఎండిపోయే జబ్బని, మందు లేదని, ఒక్కో అవయవమూ ఆగిపోతూ వస్తుందని నిదానంగా చెప్పాడు. 'తెలివికి మాత్రం ఏమీ కాదు' అన్నాడు చివర్లో, శుభవార్త లాగా. తిరుగు రైల్లో నాయన కిటికీ పక్కన కూర్చుని బంగారుపేట దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అప్పటికింకా మాట్లాడగలడు.

ఆ ఆదివారమే నేను పని మొదలుపెట్టాను. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే అందరికీ ఏదో ఒకటి చేయాలనుంటుంది, నాకు చేతనైంది ఇదే. పెద్ద ఎర్ర బటన్ ఒకటి కొని, చెక్కపలకకు బిగించి, పాత ల్యాప్‌టాప్‌కు తగిలించాను. బటన్ నాయన కుడిచేతి చూపుడువేలి కింద. నొక్కితే ఈవెంట్. ఎన్నిసార్లు నొక్కాడో లెక్కపెట్టి ల్యాప్‌టాప్ ఆయన తరఫున మాట్లాడుతుంది. ఏ లెక్కకు ఏ మాటో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. రెండంటే నీళ్ళు. మూడంటే సరే. నాలుగంటే పక్కకు తిప్పండి. ఒకటి మాత్రం ఆయన నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒకటంటే నిలుపే, ఒద్దనే. దానికింకో అర్థం ఉండడానికి వీల్లేదన్నాడు.

మాటలు మా అమ్మ గొంతుతో రికార్డు చేశాను. మా అమ్మది రాయల్పాడు పల్లె, ఫోన్లో కూడా ఎదుటివాళ్ళు దూరంగా ఉన్నారని గట్టిగా మాట్లాడే మనిషి. మైకు ముందు కూర్చోబెడితే సిగ్గుపడిపోయి, 'నీళ్ళు' అనే మాటను ఆరుసార్లు చెప్పింది. ఆరోసారి కోపం వచ్చి చెప్పిందే బాగుందని ఉంచేశాను. అందువల్ల మా నాయన ఎప్పుడు నీళ్ళడిగినా కోపంగా అడిగినట్టే ఉండేది.

మొదటి రోజు అంతా బిగించి చూపించాక, నాయన ముద్దమాటతో ఒక ప్రశ్న వేశాడు.

"తిరుగు గంట యాడమ్మా?"

నాకు బాగానే అర్థమైంది. గనిలో అడుగు నుంచి గంట వస్తే ఇంజను డ్రైవరు వెంటనే లివరు లాగడు. ఎన్ని వచ్చాయో అన్నీ తిరిగి కొడతాడు. మూడు వస్తే మూడు. కిందివాడికి తన గంట అందిందని, సరిగ్గా అందిందని అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాతే కేజి కదులుతుంది. "కొట్టినోడికి జవాబు పోవల్ల," అన్నాడు నాయన, ఒక్కో అక్షరం కూడదీసుకుని. "లేకుంటే వాడు ఏమని నిలబడల్ల?"

పెడదామనే కూర్చున్నాను. నొక్కిన ప్రతిసారీ 'టింగ్' మనేటట్టు, బటన్ కాల్‌బ్యాక్‌లోనే మూడు లైన్లు రాశాను. దాంతో అంతా అడ్డం తిరిగింది. కాల్‌బ్యాక్‌లోకి వెళ్ళామంటే చటుక్కున పని చూసుకుని బయటికి రావాలి. గంట మోగడం అయ్యేదాకా అక్కడే నిలబడితే, కేకేసి చెప్పడానికొచ్చిన పక్కింటామె మనింట్లోనే కాఫీ తాగుతూ కూర్చున్నట్టు. ఆ సేపు వీధిలో ఏం జరుగుతోందో చెప్పే దిక్కుండదు. నాయన గబగబా నొక్కినవి ఇరుక్కుపోయి, ఆలస్యంగా ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. దీనికి సరైన పద్ధతి ఉంది, నాకు తెలుసు కూడా. గంటను మొదలుపెట్టి వదిలేసి, అది ముగిసినప్పుడు ఇంకో కాల్‌బ్యాక్ చూసుకునేటట్టు రాయాలి. ఒక పూట పని. కానీ ఆ వారం కంపెనీలో ఏనుగు గొడవ. ఘీంకారానికి పిల్లలు దడుసుకుంటున్నారట, మెత్తని ఏనుగు కావాలట. నేను ఆ మూడు లైన్లు తీసేశాను.

"నాయనా, నువ్వు నొక్కితే అది మాట్లాడుతుంది కదా," అన్నాను. "ఇంక గంటెందుకు? ఇదేమన్నా గని అనుకున్నావా?"

ఆయన సరేనన్నట్టు తలూపాడు. బతుకంతా ఇంజనీర్లు చెప్పింది విన్న మనిషి. నేనూ ఆయనకొక ఇంజనీరునే.

మొదటి రెండు నెలలు బాగా నడిచింది. మాట పూర్తిగా పోయినా ఇంట్లో ఆయన గొంతు, అంటే అమ్మ గొంతు, వినబడుతూనే ఉండేది. టీవీలో సీరియల్ మొదలవగానే ఒక్క నొక్కు. "ఒద్దు" అని అమ్మ గొంతు అమ్మనే కసిరేది. "నా గొంతుతో నన్నే తిట్టిస్తా ఉండావే" అని ఆమె నా మీద పడేది. నవ్వుకునేవాళ్ళం. ఆఫీసులో కూడా చెప్పుకున్నాను. ఒకాయన దీని మీద ఒక వ్యాసం రాయమన్నాడు. రాయలేదు, కానీ రైల్లో రెండు రోజులు మనసులో రాసుకున్నాను. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

తర్వాత వేలు నెమ్మదించింది. ఇక్కడొక చిన్న లెక్క చెప్పాలి. నొక్కడం ముగిసిందని మిషనుకు ఎలా తెలుస్తుంది? నిశ్శబ్దాన్ని బట్టి. ఆఖరి నొక్కు పడ్డాక అర సెకను ఇంకేదీ రాకపోతే, గడువు అయిపోయిందని టైమర్ కాల్‌బ్యాక్ వస్తుంది. అప్పుడు లెక్క తేల్చి మాట పలుకుతుంది. నాయన వేలు నెమ్మదిస్తే ఆ అర సెకను చాలలేదు. మూడు నొక్కాలని మొదలుపెడితే రెంటికే గడువు ముగిసిపోయి 'నీళ్ళు' అనేది. అందుకని ఒక సెకను చేశాను. ఆపైన రెండు. ఆపైన, ఒక గురువారం రైల్లో నిలబడి, ముందుజాగ్రత్తగా నాలుగు చేశాను. ఒక అంకె చెరిపి ఇంకో అంకె పెట్టడమే. సాయంత్రం ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను.

ఆ వారం నుంచి తప్పులు మొదలయ్యాయి. నాయన నీళ్ళు తాగే వేళకు ల్యాప్‌టాప్ 'పక్కకు తిప్పండి' అనేది. మేము తిప్పేవాళ్ళం. గోడ వైపు మొహం పెట్టి పడుకుని ఆయన మళ్ళీ నొక్కేవాడు, అది మళ్ళీ ఏదో అనేది. "దప్పికైన మనిషిని గోడకల్లా తిప్పేది యాడి న్యాయము?" అని అమ్మ. వేలు వణుకుతోంది, ఎక్కువసార్లు పడుతోంది అన్నాను నేను. నిజంగా అలాగే అనుకున్నాను. నొక్కిన ప్రతి నొక్కూ ఏ క్షణంలో పడిందో లాగ్ ఫైల్‌లో రాసిపెట్టే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. తెరిచి చూస్తే ఐదు నిమిషాల పని. తెరవలేదు.

అదే రోజుల్లో పొలమారడం ఎక్కువైంది. రెండు చెంచాల రాగిజావ తాగితే గంటసేపు దగ్గు. మనిషి సగమైపోయాడు. డాక్టరు మమ్మల్ని విడిగా పిలిచి, పొట్టకు రంధ్రం చేసి ట్యూబు వేయొచ్చని చెప్పాడు. జావ, పాలు నేరుగా పొట్టలోకే పోతాయి.

"వేస్తే కొన్నాళ్ళు ఎక్కువ ఉంటారు," అన్నాడు. "ఆ కొన్నాళ్ళు ఎలా ఉంటాయో నేను చెప్పలేను. జబ్బు ఆగదు. ఇలా వద్దనేవాళ్ళూ ఉన్నారు, అదేం తప్పు కాదు. తెలివి బాగుంది కాబట్టి ఆయన్నే అడగండి."

నేను వెంటనే అడుగుతామన్నాను. మా దగ్గర దానికి సాధనముందని కూడా చెప్పాను.

ఆదివారం పొద్దున పది గంటలకు అడిగాం. నాయనకు స్నానం చేయించి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. నేను మంచానికి కుడివైపు స్టూలు మీద, ల్యాప్‌టాప్ నా ఒళ్ళో. అమ్మ ఎడమవైపు ఆయన చచ్చుబడిన చెయ్యి పట్టుకుని నిలబడింది. డాక్టరు చెప్పిందంతా దాచకుండా చెప్పాను. ట్యూబు అంటే ఏమిటో, వేస్తే ఏమవుతుందో, వేయకపోతే ఏమవుతుందో. "వేయించమంటావా నాయనా? సరే అంటే మూడు. వద్దంటే ఒకటి. తొందరేం లేదు."

ఆయన అంతా విన్నాడు. తర్వాత వేలు కదిలింది. తెర మీద లెక్క కనబడేటట్టు పెట్టాను, అది ఒకటి అయింది. నేను తెరనే చూస్తున్నాను. రెండు అయింది. కాసేపటికి మూడు. తర్వాత నాలుగు సెకన్ల నిశ్శబ్దం. అప్పుడు అమ్మ గొంతు ల్యాప్‌టాప్‌లోంచి స్పష్టంగా "సరే" అంది.

నేను ఏడ్చేశాను. సంతోషంతో. ఆయన బతకాలనుకుంటున్నాడు అనిపించింది. ఆయన చెయ్యి పట్టుకుంటే వేలు మళ్ళీ బటన్ వైపు కదిలింది. నేను దాన్ని నా చేతిలోకి తీసుకుని, "చాల్లే నాయనా, అర్థమైంది" అన్నాను.

తర్వాతి వారమే ట్యూబు వేశారు. మూడు గంటలకొకసారి సిరంజితో జావో, పాలో, వడగట్టిన గంజో పంపాలి. ఎనిమిదికి, పదకొండుకు, రెండుకు, అలా. పొలమారడం తగ్గింది. ఆయన కప్పు వైపు చూస్తూ పడుకునేవాడు. బటన్ నొక్కడం తక్కువైంది. నొక్కినా అది ఏదో ఒకటి అనేది, మేము ఏదో ఒకటి చేసేవాళ్ళం.

నెల తర్వాత బేతమంగళ నుంచి నాయన పాత స్నేహితుడొకాయన బస్సులో వచ్చాడు. ఆయన గనిలో షాఫ్టు పైన నిలబడి, అడుగు నుంచి వచ్చే గంటల్ని నాయనకు అందించే మనిషి. ఇద్దరూ ఇరవై ఏళ్ళకు పైగా గంటలతోనే మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఆవుల్ని పెట్టుకున్నాడు. ఈనిన ఆవు జున్నుపాలు గిన్నెలో తెచ్చాడు. నాయన పొట్ట మీద ట్యూబు చూసి, ఆ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ లోపలికి తీసుకుపోయింది.

నాయన ఒకసారి బటన్ నొక్కాడు. టక్ మని చిన్న చప్పుడు. ల్యాప్‌టాప్ నాలుగు సెకన్ల గడువులో ఊరకుంది. ఆ లోపల ఆ పెద్దాయన, ఆలోచించి చేసినట్టు కూడా లేదు, వేలి ఉంగరంతో మంచం ఇనుపకోడు మీద ఒకసారి కొట్టాడు. ఠంగ్.

నాయన మొహం మారింది. నెలలుగా నేను చూడని మార్పు. రెండుసార్లు నొక్కాడు. పెద్దాయన రెండు కొట్టాడు. మూడుకు మూడు. ల్యాప్‌టాప్ మధ్యలో ఏవేవో అంటోంది, ఇద్దరూ దాన్ని పట్టించుకోవడం లేదు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, దీనికి తిరుగు గంట పెట్టలేదా?"

"అది మాట్లాడుతుంది కదా, అందుకని."

"ఎంతసేపటికి మాట్లాడతాది? అంతసేపు జవాబు రాకుంటే మావోళ్ళు ఊరికే ఉండరమ్మా. గంట అందలేదని మళ్ళా కొడతారు. అదే గంట. ఇంగా రాకుంటే ఇంగోతూరి కొడతారు. జవాబొచ్చేదాంక కొట్టల్ల, అది మాకు నేర్పిన పని."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. బస్సు వేళయిందని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి వచ్చి లాగ్ ఫైల్ తెరిచాను.

చదవడం తేలిక. నాయన నిజంగా మూడు నొక్కాలనుకున్నప్పుడు మూడూ సమానమైన దూరంలో ఉన్నాయి, సెకనుకొకటి చొప్పున, ఎంత నెమ్మదించినా లయ తప్పలేదు. నీళ్ళడిగి గోడకు తిరిగిన రోజుల్లో రెండు నొక్కులు, మూడు సెకన్ల ఖాళీ, మళ్ళీ రెండు నొక్కులు. రెండు, జవాబు లేదు, మళ్ళీ రెండు. నా గడువు నాలుగు సెకన్లు కాబట్టి, నా ప్రోగ్రాం వాటిని కలిపి నాలుగన్నది. వేలు వణకలేదు. ఒక్కటి కూడా వణుకు కాదు.

ఆ ఆదివారం పది గంటల దగ్గరికి వెళ్ళాను. ఒక నొక్కు. మూడు సెకన్లు. ఒక నొక్కు. మూడు సెకన్లు. ఒక నొక్కు.

వద్దు. వద్దు. వద్దు. మా నాయన మూడుసార్లు వద్దన్నాడు. నేను మూడూ కూడి సరే అనిపించాను. నాలుగోసారి చెప్పబోతే ఆ వేలిని నా చేతిలోకి తీసుకున్నాను.

ఆ సాయంత్రమే తిరుగు గంట పెట్టాను, సరైన పద్ధతిలో. రెండు గంటలు కూడా పట్టలేదు. నొక్కు పడగానే గంట మోగుతుంది, లెక్క తేలగానే అన్ని గంటలూ తిరిగి మోగుతాయి, ఆ తర్వాతే మాట. నాయన ఒకసారి నొక్కి, గంట విని, నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అప్పటి నుంచి ఒక్క తప్పు జరగలేదు. రెండంటే రెండే, నాలుగంటే నాలుగే.

తొమ్మిది రోజులు ఆ గంట అలా చక్కగా పనిచేసింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను ఆయన్ని మళ్ళీ అడగలేదు.

రోజూ పొద్దున అనుకునేదాన్ని. ఇవాళ అడగాలి, జరిగింది చెప్పాలి, ట్యూబు తీసేయమంటావా అని అడగాలి. స్టూలు మీద కూర్చునేదాన్ని. ఆయన ఒకటి నొక్కితే? ఆ ఒక్క గంట తిరిగి మోగితే, ఇక ఎవరూ దాన్ని ఇంకోరకంగా లెక్కపెట్టలేరు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అమ్మకు చెప్పాలి. ఒక రోజు నుంచి ఆ సిరంజి కడిగి పైన పెట్టేసి, మూడు గంటలకొకసారి వచ్చే ఆ వేళను ఊరికే పోనివ్వాలి. నాకు ధైర్యం లేకపోయింది. భయపడ్డాను, అంతే. "నీళ్ళు కావాలా నాయనా? ఫ్యాను తగ్గించనా?" అని మాత్రం అడిగేదాన్ని. ఆయన జవాబు చెప్పేవాడు.

పదో రోజు వేలు కదల్లేదు. బటన్‌కు అతి మెత్తని స్ప్రింగు పెట్టాను. వేలిని ఆనించి కట్టాను. వేలిని ఎత్తితే ఈవెంట్ వచ్చేటట్టు మార్చి చూశాను. ప్రోగ్రాం రోజంతా కాచుకుని ఉంది. లాగ్‌లో ఆ తేదీ కింద ఏమీ లేదు.

వేలు ఆగిపోయాక అడిగాను. అప్పుడు అడగడం తేలిక కదా. అమ్మ వంటింట్లో ఉండగా, చెవి దగ్గర కూర్చుని, జరిగిందంతా చెప్పి, "తీసేయమంటే కళ్ళు మూయి నాయనా" అన్నాను. ఆయన రెప్పలు అప్పటికే సగం వాలి ఉండేవి. నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రెప్ప పడింది, లేచింది. ఎవరికైనా పడుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలో వద్దో నాకు తెలియలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ అంతే. సాధనం తయారుచేసిన నాకు ఆ రెప్పపాటును చదవడం చేతకాలేదు.

ఇక మోయలేక అమ్మకు చెప్పాను. ఒక సోమవారం, పదకొండు కావస్తోంది. ఆమె నాయన మంచం పక్కన కూర్చుని గంజి వడగడుతోంది. టైమరు, గడువు, లాగ్, అన్నీ ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పాలని చూశాను. "నాయన వద్దన్నాడమ్మా. మూడుసార్లు వద్దన్నాడు. నేనే తప్పుగా లెక్కపెట్టాను" అన్నాను. ఆమె ఏడుస్తుందనో, నన్ను తిడుతుందనో అనుకున్నాను.

అమ్మ వడగట్టడం ఆపలేదు.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఆ పొద్దు నువ్వు మిషన్ని జూస్తా ఉండావు. నేను ఆయన మొగాన్ని జూస్తా ఉండాను. మొదుటి తూరికే ఒద్దన్నాడు. నా తట్టు తిరిగి కూడా అన్నాడు, కండ్లతో." గిన్నె అంచుకు జల్లెడ తట్టి దించింది. "మిషను సరే అనింది. నాకు గూడా అదే కావల్ల. గమ్మున ఉండిపోతిని."

నాయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మా ఇద్దరి మాటలూ వింటున్నాడు. తెలివికి ఏమీ కాదని డాక్టరు చెప్పింది నిజమే.

గంజి చల్లారిపోతుందని అమ్మ చెయ్యి చాపింది. నేను సిరంజి అందించాను.